చదివాను, అర్థమైంది

మందుల ఫ్యాక్టరీలో పని రాకపోయినా కొన్నాళ్లు గడుస్తుందేమో గానీ సంతకం రాకపోతే ఒక్కరోజు గడవదు. ప్రతి కొత్త మందుకూ ఇంగ్లీషులో నలభై యాభై పేజీల కాగితాలు వస్తాయి. ఏది ఎంత పోయాలి, ఎంత చల్లగా ఉంచాలి, ఏది జరిగితే ఏది ఆపాలి, అన్నీ అందులోనే ఉంటాయి. ఆఖరి పేజీలో 'చదివాను, అర్థమైంది' అని అచ్చువేసి, కింద సంతకానికి ఒక గీత గీసి ఉంటుంది. చదివేవాళ్లు కొందరు, అర్థమయ్యేవాళ్లు ఏ నలుగురో, సంతకం పెట్టేవాళ్లు మాత్రం అందరూ.

ఆ సంతకాన్ని మాన్పించాలనే రత్నం తన యంత్రాన్ని కనిపెట్టింది.

ఆవిడ అసలు పేరు నూకరత్నం. విశాఖలో ఒక పరిశోధనాలయంలో మెదడు సంకేతాల మీద పనిచేస్తుంది. పేరులో ముందు సగం అక్కడివాళ్లకు నోరు తిరక్క రాలిపోయింది, రత్నం మేడమ్ మిగిలింది. యంత్రం చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండదు. నుదుటికి చుట్టుకునే రెండు వేళ్ల వెడల్పు పట్టీ, చేతిలో ఒక పలక. పలక మీద ఇంగ్లీషు వాక్యాలు ఒక్కొక్కటే వస్తాయి. చదివిన మనిషికి అర్థమైతే పక్కన పచ్చదీపం వెలుగుతుంది, కాకపోతే ఎర్రదీపం. అర్థమైందా అని నోటితో అడిగితే మనవాళ్లు తల ఊపుతారు. మెదడుకు తల ఊపడం రాదు కదా, అందుకని రత్నం మెదడునే అడిగింది.

అయితే అర్థమైన క్షణం ఎలా ఉంటుందో యంత్రానికి ముందు ఎవరో చూపించాలి. దానికోసం ర్యాంకులు తెచ్చుకున్న అరవై మంది విద్యార్థులను పిలిపించారు. ఇంగ్లీషు సైన్సు పుస్తకాల్లో పేజీలు చదివించి, వెంటనే ప్రశ్నలు వేశారు. పిల్లలు గుక్క తిప్పుకోకుండా జవాబులు చెప్పారు. సరైన జవాబు వచ్చిన ప్రతి వాక్యం దగ్గరా వాళ్ల మెదడులో పుట్టిన అలను పట్టుకుని, ఇదే 'అర్థమైంది' అని యంత్రానికి నేర్పారు. ఆ అల ఎక్కడా తడబాటు లేకుండా నున్నగా సాగేది. రత్నం దాన్ని తెర మీద చూసి ఎంత ముచ్చటపడిందో చెప్పలేం. ర్యాంకు వచ్చినవాడికి అర్థం కాలేదేమో అన్న అనుమానం మన దేశంలో ఎవరికి మాత్రం వస్తుంది?

రత్నానికి ఒక అన్నయ్య ఉన్నాడు, సన్యాసిరావు. తెలుగు మీడియంలో పదో తరగతి పూర్తికాగానే ఫ్యాక్టరీలో చేరి చెల్లెల్ని చదివించాడు. ఇరవై రెండేళ్లుగా మూడో రియాక్టరు అతని చేతిలో ఉంది. రియాక్టరంటే ఏదో అనుకోనక్కర్లేదు, మనిషికి రెండింతల ఎత్తున్న మూతపెట్టిన గంగాళం. లోపల స్టిర్రరని పెద్ద గరిటె తిరుగుతూ ఉంటుంది, చుట్టూ చల్లనీళ్లు పారుతూ ఉంటాయి.

సన్యాసిరావు ఇంగ్లీషు చదివే తీరు చూస్తే నవ్వొచ్చేది. పెన్సిలుతో ఒక్కో మాటకిందా చుక్క పెట్టుకుంటూ వెళ్లేవాడు. వాక్యం మధ్యలో ఆగిపోయేవాడు. మళ్లీ మొదటికి వచ్చేవాడు. ఒక పేజీకి పావుగంట పట్టేది. ఆదివారాలు కొత్త కాగితాల జిరాక్సులు పట్టుకుని చెల్లెలి దగ్గరకు వచ్చేవాడు. "మాట నువ్వు సెప్పమ్మా, సంగతి నేను సెప్తాను" అనేవాడు. అలాగే జరిగేది. ఒక మాటకు రత్నం తెలుగు చెప్పేది. అతను కాసేపు కళ్లు మూసుకుని, అక్కడ అలా ఎందుకు చెయ్యమన్నారో, చెయ్యకపోతే గంగాళం లోపల ఏమవుతుందో పూసగుచ్చినట్టు చెప్పేవాడు. తను చదివిన రసాయనశాస్త్రంలో సగం అన్నయ్య నోట విన్నాకే ఒంటికి పట్టిందని రత్నం ఇప్పటికీ అంటుంది.

యంత్రాన్ని మొదట కొన్నది ఆ ఫ్యాక్టరీయే. పరీక్ష రోజున రత్నం స్వయంగా వెళ్లింది. అన్నయ్య అందరికంటే ముందు కూర్చున్నాడు, చెల్లెలు చేసిన పట్టీ కదా అని నుదురు తుడుచుకుని మరీ కట్టించుకున్నాడు.

మొదటి వాక్యానికి ఎర్రదీపం వెలిగింది. రెండోదానికీ అదే. ఐదో పేజీ దాటినా దీపం రంగు మారలేదు. సన్యాసిరావు చుక్కలు పెట్టుకోడానికి పెన్సిలు కోసం జేబు తడుముకుని, పలక మీద రాయకూడదని గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. సాయంత్రం అయ్యేసరికి నూటికి పదకొండు మార్కులు తేలాయి. అతని తర్వాత లోకనాథం కూర్చున్నాడు. అతనూ ఆపరేటరే, ముప్పై ఏళ్లవాడు, హాస్టల్లో తెల్లవారకముందే లేచి పుస్తకాలు అప్పజెప్పి డిగ్రీ తెచ్చుకున్నవాడు. నలభై రెండు పేజీలు ముప్పై ఐదు నిమిషాల్లో ముగించాడు. పచ్చదీపం ఆరింది లేదు.

సేఫ్టీ మేనేజరు రత్నం వైపు చూశాడు. మీ అన్నగారు కనక మళ్లీ ఓసారి చూద్దామా అని మర్యాదగా అడిగాడు. ఆ ఒక్క నిమిషం రత్నం మనసు అటూ ఇటూ ఊగింది. అన్నయ్యకు అంతా తెలుసని ఆవిడకు తెలుసు. కానీ పదిహేనేళ్లుగా ఆవిడ జనానికి చెప్తున్నదేమిటి? తెలుసనుకోవడం వేరు, తెలియడం వేరు అనే కదా. సొంతవాళ్ల దగ్గరికి వచ్చేసరికి కొలబద్ద మార్చేస్తే ఇక ఆ యంత్రమెందుకు? అక్కర్లేదని చెప్పి, ఫలితం కింద సంతకం పెట్టింది. సొంత అన్నకైనా మినహాయింపు ఇవ్వని శాస్త్రవేత్త అని ఆ వారం పత్రికలు రాశాయి. చదివి రత్నం గర్వపడింది కూడా. ఆ గర్వాన్ని తలచుకుంటే ఇప్పుడు ఆవిడకు ముద్ద దిగదు.

మూడో రియాక్టరు లోకనాథానికి ఇచ్చారు. సన్యాసిరావును బయట డ్రమ్ముల యార్డుకు పంపారు. జీతం తగ్గించలేదు. ఆ సాయంత్రం రత్నం ఏదో సర్దిచెప్పబోతే అతనే ఆవిణ్ణి ఓదార్చాడు. "మిషన్ నువ్వు సేసిందే కదమ్మా, అబద్దం సెప్పదులే" అన్నాడు.

తర్వాత జరిగింది మెల్లగా జరిగింది. కోపం తెచ్చుకునుంటే బాగుండేది. సన్యాసిరావు కోపం తెచ్చుకోలేదు, నమ్మాడు. ఆదివారాలు రావడం మానేశాడు. ఇంట్లో పేపరు మడత విప్పడం మానేశాడు. భార్య పైడమ్మ బీపీ మాత్రల పెట్టెలో వచ్చే చీటీని పూర్వం భూతద్దం పెట్టి చదివేవాడు, ఇప్పుడు మందుల షాపతను ఏం చెబితే అది. మిక్సీ పాడైతే ఒకప్పుడు విప్పి బాగుచేసేవాడు, ఇప్పుడు పక్కింటివాళ్లను పిలుస్తున్నాడు. పైడమ్మ ఫోన్లో ఇవన్నీ చెప్పి, మీ అన్నయ్య మనిషి మనిషిలా లేడమ్మా అని ఏడ్చింది. రత్నం వెళ్లి అడిగితే అతను ఒక్కటే మాట చెప్పాడు. "నాకు అర్థమవుతున్నట్టే ఉంటాది రత్నం. కానీ అవదంట."

ఈలోగా యంత్రం తొంభై ఫ్యాక్టరీలకు పాకింది.

పరీక్ష అయిన ఏడాదికి, ఒక గురువారం పొద్దున్న పదకొండు గంటలకు ఫ్యాక్టరీలో కరెంటు పోయింది. మూడో రియాక్టరులో అప్పటికి ఆసిడు దిగుతోంది. పై ట్యాంకు నుంచి సన్నటి ధారగా దిగాలి, కింద స్టిర్రరు తిరుగుతూ ఉండాలి. అలా తిరిగితేనే పోసింది పోసినట్టు కలిసి, పుట్టిన వేడి పుట్టినట్టు చల్లనీళ్లకు పోతుంది. కరెంటు పోగానే స్టిర్రరు ఆగింది. ఆసిడు మాత్రం తన బరువుకు తాను దిగేది కనక దిగుతూనే ఉంది. చక్కెర కాఫీ అడుక్కి చేరినట్టు అది కదలకుండా ఒకచోట చేరుతోంది.

ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో ముప్పై ఒకటో పేజీలో ఉంది. ఆసిడు ఆపాలి, లోపల ఎంత చేరిందో తేలేదాకా స్టిర్రరు తిప్పకూడదు. మూడు షరతులు ఒకదానిలో ఒకటి ఇరికించి రాసిన పొడుగాటి ఇంగ్లీషు వాక్యం అది. లోకనాథానికి ఆ వాక్యం నోటికి వచ్చు. ముప్పై రెండో పేజీ కూడా వచ్చు. అందులో కరెంటు తిరిగి వచ్చాక చల్లనీళ్లు చూసుకుని స్టిర్రరు వెయ్యాలని ఉంది. ఒకదాని తర్వాత ఒకటి అతని నోటికి వస్తాయి. గంగాళం లోపల ఏముందో మాత్రం అతని కళ్లకు కట్టలేదు, ఆసిడు ఆపడానికి చెయ్యి కదల్లేదు.

యార్డులో డ్రమ్ముల మీద నంబర్లు వేస్తున్న సన్యాసిరావుకు స్టిర్రరు చప్పుడు ఆగినట్టు తెలిసింది. ఇరవై రెండేళ్లు విన్న చప్పుడు, తెలియకుండా ఎలా ఉంటుంది? కాసేపటికీ అది మళ్లీ మొదలవకపోతే కిటికీ అద్దంలోంచి చూశాడు. ఆసిడు ట్యాంకు పక్కనున్న గాజు గొట్టంలో మట్టం ఇంకా తగ్గుతోంది. గోడ గడియారం పదకొండు పావు చూపిస్తోంది. పరుగెత్తుకుంటూ తలుపు దాకా వెళ్లాడు. ఆ తలుపు ఎర్రదీపం వాళ్లకు తెరుచుకోదు, కానీ కొడితే లోపల వినబడుతుంది. అతను చెయ్యి ఎత్తాడు.

ఎత్తి, దించేశాడు. తిరిగి వచ్చి డ్రమ్ముల దగ్గర నిలబడ్డాడు.

పదకొండు ఇరవై రెండుకు కరెంటు వచ్చింది. లోకనాథం చల్లనీళ్లు చూసుకుని స్టిర్రరు మీట నొక్కాడు. ఇరవై నిమిషాలుగా చేరిన ఆసిడంతా ఒక్కసారి కలిసింది, ఆ వేడికి గంగాళం పేలిపోయింది. లోకనాథమూ, పంపుల దగ్గరున్న ఎర్రినాయుడూ అక్కడికక్కడే పోయారు.

రత్నానికి రెండు రోజులు నిద్రాహారాలు లేవు. యంత్రం పాత లెక్కలన్నీ బయటికి తీసింది. లోకనాథం ముప్పై ఒకటో పేజీ దగ్గర నాలుగు సెకన్లు ఉన్నాడు, పచ్చదీపం. సన్యాసిరావు అదే వాక్యం దగ్గర ఆరు నిమిషాలు ఉన్నాడు, ఏడుసార్లు వెనక్కి వెళ్లాడు, ఎర్రదీపం. ఇందులో ఏదో ఉందని తోచింది గానీ ఏమిటో అంతుపట్టలేదు. అన్నయ్యను మళ్లీ ఓసారి పరీక్షించాలని శనివారం పొద్దున్నే పట్టీ, పలకా తీసుకుని అతనింటికి వెళ్లింది. సన్యాసిరావు పట్టీ వైపు చూడనైనా చూడలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

దేవుడి గూటి ముందు పైడమ్మ స్తోత్రం చదువుతోంది. సంస్కృత స్తోత్రం, తెలుగు లిపిలో అచ్చువేసింది, పెళ్లైన దగ్గర్నుంచి శనివారం తప్పకుండా చదువుతుంది. మొగుడి మనసు కుదుటపడాలని ఈమధ్య రోజూ చదువుతోంది. వదినకు సంస్కృతంలో ఒక్క ముక్కకు అర్థం తెలియదని రత్నానికి తెలుసు. ఏం తోచిందో ఏమో, వెళ్లి వదిన నుదుటికి పట్టీ చుట్టింది. పైడమ్మ, ఇది కూడా ఏదో వైద్యం కాబోలనుకుని, ఆపకుండా చదువుకుంటూ పోయింది.

పచ్చదీపం. శ్లోకం తర్వాత శ్లోకం, దీపం పచ్చగానే ఉంది.

చదవడం అయ్యాక రత్నం, వదినా, ఇప్పుడు చదివినదాంట్లో నీకేమైనా అర్థమైందా అని అడిగింది. పైడమ్మ దండం పెట్టుకుంటూ తేలిగ్గా చెప్పింది. "నాకెందుకమ్మా అర్థం? ఆయనకి తెలుస్తాది గదా."

భక్తికి అది చాలు. ఆసిడుకు చాలదు.

రత్నం వదిన నుదుటి పట్టీ విప్పి తీసుకుంది. మధ్యాహ్నానికల్లా ల్యాబుకు వెళ్లి పాత ర్యాంకుల పిల్లల్లో దొరికినవాళ్లను పిలిపించింది. వాళ్లకు నోటికొచ్చిన పాఠాన్నే ఇచ్చి, మధ్యలో అక్కడక్కడ మాటలు తారుమారు చేసింది. చెట్లు పగటిపూట ప్రాణవాయువు పీల్చుకుని బొగ్గుపులుసు వాయువు వదులుతాయని పలక మీద ఉంటే, పిల్లలు నున్నగా చదువుకుపోయారు, పచ్చదీపం వెలిగింది. ఏం చదివారని అడిగితే పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు సరిగ్గా ఒప్పజెప్పారు. కళ్ల ముందున్నది వాళ్లు చదవనే లేదు. పిల్లల తప్పేముంది, వాళ్లకు చదువంటే అదేనని పెద్దవాళ్లే నేర్పారు. చిలకపలుకుల అలను తెచ్చి అదే జ్ఞానమని యంత్రానికి నేర్పింది తనే. ఆగి, వెనక్కి వెళ్లి, ఇది ఇలా ఎందుకని తనలో తాను కొట్లాడుకునే మనిషికి ఆ యంత్రం తెలివి లేదని ముద్రవేసింది. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు, తను చదివించిన యంత్రానిదీ అదే గతి. రత్నం తెర ముందు కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది.

ఏడుపు మధ్యలోనే ఒక్క చిన్న ఊరట కనబడింది. కనీసం అన్నయ్యకు అతని బుద్ధిని అతనికి తిరిగి ఇచ్చెయ్యొచ్చు. ఆ సాయంత్రమే వెళ్లి, అతని పక్కన కూర్చుని, అన్నయ్యా, మిషనే తప్పు, నీకు ఎప్పుడూ అర్థమైంది, ఆ ముప్పై ఒకటో పేజీ ఫ్యాక్టరీ మొత్తం మీద నీ ఒక్కడికే అర్థమైంది అని చెప్పింది.

సన్యాసిరావు లేచి కూర్చున్నాడు. సంతోషిస్తాడని ఎదురుచూసిన రత్నానికి అతని ముఖం చూసి భయం వేసింది.

"అయితే ఆ రోజు నాకు తెలుసన్నమాట" అన్నాడు. "తెలిసే తలుపు కొట్టకుండా వచ్చీసినాను."

తను ఏం చేసిందో రత్నానికి అప్పటికి గాని తట్టలేదు. ఈ రెండు రోజులూ అతను బతికింది ఒక్క మాట మీద. నాకు అర్థం కాదు, కాబట్టి నాదేం లేదు. ఆ మాటను ఇప్పుడు తనే లాగేసింది. ఆ యంత్రం నిన్ను నోరెత్తకుండా చేసింది, నీ తప్పు కాదు అని ఆవిడ పదిరకాలుగా చెప్పింది. అతను విన్నాడు. విని, "ఎవరికీ సెప్పకమ్మా. నాకు అర్థం కాలేదనే ఉండనీ" అని చేతులు పట్టుకుని బతిమాలాడు.

చెప్పకుండా ఎలా ఉంటుంది? తొంభై ఫ్యాక్టరీల్లో లోకనాథాలు మీటల దగ్గరున్నారు, సన్యాసిరావులు యార్డుల్లో ఉన్నారు. విచారణ కమిటీకి రత్నం ఇంగ్లీషులో తొమ్మిది పేజీల నివేదిక రాసింది. స్తోత్రం సంగతి, తారుమారు పాఠాల సంగతి, అరవై మంది పిల్లల సంగతి, తన సంతకం సంగతి, ఒక్కటీ దాచలేదు. ఒక్క అన్నయ్య మాట మాత్రం వదిలేసింది. స్టిర్రరు ఆగాక ఆసిడు దిగుతున్న సంగతి ఎవరూ గమనించలేదని రాసింది. అబద్ధమని తెలిసే రాసింది.

సోమవారం మధ్యాహ్నం సన్యాసిరావు ల్యాబుకు వచ్చాడు. యంత్రం ఏమవుతుందో తెలుసుకుందామని వచ్చాడు. బల్ల మీద నివేదిక కనబడితే, చదవొచ్చా అని అడిగాడు. ఏడాదిగా అతను ఇంగ్లీషు కాగితం ముట్టుకోలేదు. రత్నం కాదనలేకపోయింది. అక్కడ పెన్సిలు తీసుకుని కిటికీ దగ్గర కూర్చుని, మాట మాటకిందా చుక్క పెట్టుకుంటూ మొదలుపెట్టాడు. రెండుసార్లు మాటలకు అర్థం అడిగాడు. రెండో పేజీకి మూడుసార్లు వెనక్కి వెళ్లాడు. టీ తెస్తే చల్లారిపోయింది. నాలుగున్నరకు ఆఖరి పేజీ మూశాడు.

"బాగా రాసినావు. కానీ పదకొండు పావుకి నేను సూసిన సంగతి ఇందులో నేదు."

అది లేకపోయినా సరిపోతుందని, ల్యాబు లెక్కలు చాలని రత్నం అంది.

"సాలవు. మిషన్ బోలెడు డబ్బు పెట్టి కొన్నారు, నీ లెక్కలకి పది వంకలు పెడతారు. ఎర్రదీపం ఎలిగిన మనిషికి సంగతి తెలుసునని, తెలిసి కూడా ఆ దీపాన్ని నమ్మి నోరు మూసుకున్నాడని రాస్తే అప్పుడు ఒప్పుకుంటారు. ఆరో పేజీలో రాయాలది. ఎవరూ గమనించలేదని ఉన్న సోట."

"నిన్ను నిలదీస్తారు అన్నయ్యా. పోయిన ఆ ఇద్దరి ఇళ్లవాళ్లూ నిన్ను..."

"అర్థమైంది నాకు" అన్నాడు సన్యాసిరావు.

రత్నం కంప్యూటరు ముందు కూర్చుంది. ఒక్క పేరాకు అరగంట పట్టింది. అతను వెనక నిలబడి ఒక్కో వాక్యం చదివి, సరిగానే ఉందని తల ఊపాడు. ఒక ఆపరేటరు అని రాసిన చోట ఆపి తన పేరు రాయమన్నాడు. రాసింది. అచ్చు తీసిన కాగితం తీసుకుని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఎందుకని అడిగితే, లోకనాథం భార్యకి ఇంగ్లీషు రాదని, ఇది ఆవిడకి తెలుగులో తనే చదివి చెప్పాలని అన్నాడు. నేనూ వస్తానంది రత్నం. అతను వద్దని చెప్పి, చెప్పులేసుకుని బస్టాపు వైపు నడిచాడు.